నెట్సుకేలు: జపాను జానపద జంతువుల చిన్ని శిల్పములు

జపాను దేశీయుల పూర్వపు దుస్తులకు జేబులు లేవు. ఈ చిన్న కొరత నుండి ఒక గొప్ప శిల్పకళ పుట్టినది. ఎడో యుగమున, అనగా 1603 మొదలు 1868 వరకు, అచ్చటి పురుషులు పొగాకు సంచిని, మందులు దాచుకొను ఇన్రో అను అరల పెట్టెను పట్టుత్రాటికి కట్టి నడికట్టు నుండి వ్రేలాడదీసికొనెడివారు. త్రాడు జారిపోకుండ దాని పై కొనకు బొత్తాము వంటి వస్తువు నొకదానిని తగిలించి, నడికట్టుకు మీదుగా నిలిపెడివారు. దీనికే నెట్సుకే అని పేరు. సాధారణముగా 3 మొదలు 5 సెంటీమీటర్ల పొడవు గల ఈ వస్తువులు నేడు ప్రపంచములోని పెక్కు మ్యూజియములలో ఉన్నవి.

నెట్సుకే అలంకారమే కాదు, పనిముట్టు కూడ. కావున దాని రూపమును పనియే నిర్ణయించెను. త్రాడు దూర్చుటకు రెండు రంధ్రములు ఉండవలెను. ముడిని లోపల దాచుటకై వానిలో ఒకటి తరచు పెద్దదిగా నుండును. పట్టువస్త్రమునకు తగులుకొనకుండ కాళ్లు, తోక, కొమ్ములు శరీరమునకు ఒదిగి ఉండవలెను. త్రాటి కొనను అటునిటు తిరుగును గనుక అడుగు భాగమును కూడ చెక్కవలెను. ఇన్ని నిబంధనలకు లోబడి, నిమ్మకాయ కన్న చిన్న ముక్కలో ఒక ప్రాణిని సజీవముగ చూపుటలోనే శిల్పి నేర్పు కలదు.

కథలలోని ప్రాణులు

ఎలుకలు, కుక్కలు, ఎద్దులు మొదలగు ఎరిగిన జంతువులతో పాటు, ఎవరును చూడని జంతువులను కూడ ఈ శిల్పులు చెక్కిరి. అందు ప్రసిద్ధమైనది ‘కప్పా’. ఈ పేరు వినగానే మనకు కప్ప తోచును గాని, ఆ మాటకును దీనికిని సంబంధము లేదు. ఇది నదులలో నివసించు జీవి. వీపున తాబేటిచిప్ప, నడినెత్తిన నీటితో నిండిన గుంట దీని గురుతులు. ఆ నీరు ఒలికినచో దాని బలము పోవునట! అందుచే కప్పా ఎదురైనప్పుడు వంగి నమస్కరింపవలెనని చెప్పుదురు. అది మర్యాదకు తానును వంగును, నీరు ఒలికిపోవును. ఆల్చిప్పలో కాలు చిక్కుకొని బాధపడు కప్పాను శిల్పులు పలుమారులు చెక్కిరి.

‘బాకు’ పీడకలలను తినివేయు జంతువు. దీనికి ఏనుగు తొండము ఉండును. నేడు జపాను భాషలో టేపిర్ అను నిజమైన జంతువును కూడ బాకు అనియే అందురు. అట్లే ‘కిరిన్’ అను శుభప్రదమైన కల్పిత మృగము పేరు జిరాఫీకి వచ్చినది. ‘షిషి’ అనగా సింహము. జపానులో సింహములు లేవు. దాని రూపము భారతదేశమునుండి బౌద్ధముతో చైనాకును, అచ్చటినుండి జపానుకును చేరెను. నిజమైన సింహమును చూడని శిల్పులు బొమ్మలను చూచియే దానిని చెక్కిరి.

1781లో ఇనాబా ట్సూర్యూ ఒసాకాలో ప్రకటించిన ‘సోకెన్ కిషో’ అను ఏడు సంపుటముల గ్రంథమున యాబదికి పైగా నెట్సుకే శిల్పుల ప్రస్తావన కలదు. అందు పేర్కొనబడిన యోషిమురా షూజాన్ అను చిత్రకారుడు, వింత ప్రాణులను వర్ణించిన ‘షాన్ హాయ్ జింగ్’ అను ప్రాచీన చైనా గ్రంథము నుండి రూపములను గ్రహించి, కొయ్యపై చెక్కి రంగులు వేసెను. అతడు తన పేరు చెక్కలేదు. ఎద్దుల బొమ్మలకు పేరుపొందిన క్యోటో శిల్పి టొమొటాడా పేరునైతే ఇతరులును చెక్కుకొనిరి. అతని పనికి నకళ్లు విస్తారముగ ఉన్నవని ఆ గ్రంథమే తెలుపుచున్నది.

నడికట్టు నుండి అద్దాల బీరువాకు

1868 తరువాత జపాను పురుషులు క్రమముగా జేబులున్న పాశ్చాత్య దుస్తులు ధరించిరి; సిగరెట్లు వచ్చెను. నెట్సుకేకు పని లేకపోయెను. తాతల నాటి నెట్సుకేలు వేలకొలది విదేశీయుల చేతులలో పడెను. బ్రిటిష్ మ్యూజియమునకు చెందిన ఎ. డబ్ల్యు. ఫ్రాంక్స్ సేకరించినవి ఆ మ్యూజియమునకే దక్కెను. ఫ్రెడరిక్ మైనెర్ట్‌జాగెన్ తాను చూచిన నెట్సుకేల వివరములను విడివిడి కార్డులపై వ్రాసి ఉంచెను. వృక్షశాస్త్రజ్ఞుడు మొక్కలను వర్గీకరించుటకును దీనికిని పోలిక కలదు. ఆ కార్డులు 1986లో గ్రంథముగ వెలువడినవి.

సంతకమును నమ్మలేని చోట వస్తువునే ప్రశ్నింపవలెను. నిజముగ వాడిన నెట్సుకేలో రంధ్రపు అంచులు త్రాటి ఒరిపిడికి నునుపెక్కును. ఎక్కువగ చేతికిని వస్త్రమునకును తగిలిన చోట గీతలు అరిగిపోవును. ఈ రాపిడి లేని కొత్త దంతమునకు తేనీటితో రంగుపట్టించి పాతదిగ అమ్ముట కలదు. దంతపు పొడి కలిపిన ప్లాస్టిక్ నకళ్లును కలవు. అతినీలలోహిత కాంతిలో నిజమైన దంతము నీలి తెలుపుగ మెరయును. ప్లాస్టిక్ సాధారణముగ మందముగ కనిపించును.

ఏనుగు దంతపు అడ్డుకోతలో ఒకదానినొకటి ఖండించు సన్నని గీతలుండును. 1800లో జర్మను శాస్త్రజ్ఞుడు ష్రేగర్ వర్ణించుటచే వానికి ష్రేగర్ రేఖలని పేరు. దంతపు వెలుపలి అంచు సమీపమున ఈ రేఖల కోణము 115 డిగ్రీలకు మించినచో అది నేటి ఏనుగుదనియు, 90కి తగ్గినచో నశించిన మామత్‌దనియు గుర్తింతురు. నడిమి కోణములు రెండింటను కనిపించును గనుక అప్పుడు ఇతర పరీక్షలు అవసరము. అందొకటి కార్బన్-14 పరీక్ష. 1950 తరువాతి అణ్వస్త్ర పరీక్షల వలన వాయుమండలములో కార్బన్-14 విశేషముగ పెరిగెను. ఆ పెరుగుదల దంతములో కనిపించినచో, ఆ ఏనుగు ఎడో యుగమునాటిది కాజాలదు.

ఏనుగు మాట

ఈ పరీక్షల ప్రయోజనము కొనుగోలుదారునికి మాత్రమే కాదు. జపానులో ఏనుగులు లేవు. ఎడో యుగమున దంతము చైనా, డచ్చి నావలపై నాగసాకికి చేరెను. షామిసెన్ వాద్యమును మీటు పలకలు కోయగా మిగిలిన ముక్కలను కూడ నెట్సుకే శిల్పులు వాడుకొనిరి. దంతము ఏనుగు పన్ను. అందు సుమారు మూడవ వంతు పుర్రెలో నాటుకొని ఉండును. అంతయు కావలెనన్నచో ఏనుగు ప్రాణము పోవలసినదే. ఆఫ్రికాలో 1979లో సుమారు 13 లక్షలని అంచనా వేసిన ఏనుగుల సంఖ్య పదేండ్లలో సగమునకు పడిపోయెను. 1989లో ఆఫ్రికా దంతపు అంతర్జాతీయ వ్యాపారమును నిషేధింప నిర్ణయించిరి. భారతదేశము స్వదేశపు దంతపు వ్యాపారమును 1986లోను, ఆఫ్రికా దంతపు వ్యాపారమును 1991లోను చట్టము ద్వారా నిషేధించెను.

బ్రిటన్ 2018లో చేసి 2022లో అమలు పరచిన చట్టము పాత దంతపు వస్తువుల క్రయవిక్రయములను కూడ కొలది మినహాయింపులతో ఆపివేసినది. వానిని దాచుకొనుట, వారసులకిచ్చుట నేరము కాదు. రెండువందల ఏండ్ల క్రింద చచ్చిన ఏనుగును ఈ నిషేధము బ్రతికింపదు గదా అని సేకరణకర్తలు వాదించిరి. ఆ మాట నిజమే. కాని పాత దంతమునకు సంతలో వెల ఉన్నంత కాలము, కొత్త దంతము పాత దంతపు వేషమున వచ్చుచునే ఉండును. కొయ్యతో చెక్కిన కప్పాలు, బాకులు అందమున దంతపు వానికి తీసిపోవు. శిల్పులు వాడిన మరియొక పదార్థము జింక కొమ్ము. అది ఏటేట రాలి మరల మొలచును; రాలిన కొమ్మును ఏరుకొనుటకు జింకను చంపనక్కరలేదు.