అరాషి గీసిన గీత

1942 జూన్ 4 ఉదయం. పసిఫిక్ మహాసముద్రం మీద అమెరికన్ నౌకాదళ పైలట్ వేడ్ మెక్లస్కీ ముప్పైకి పైగా డైవ్ బాంబర్లను వెంటేసుకుని వెతుకుతున్నాడు. జపాన్ విమానవాహక నౌకలు ఉంటాయనుకున్న చోట నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఇంధనం తగ్గిపోతోంది. 9:55కి కింద ఒంటరిగా ఒక ఓడ కనిపించింది. పూర్తి వేగంతో ఈశాన్యానికి పోతోంది, దాని వెనక నీటి మీద తెల్లటి నురగ చార పరుచుకుంది. ఇంత తొందరలో ఉందంటే తనవాళ్ళని అందుకోడానికే అయ్యుంటుందని మెక్లస్కీ అనుకున్నాడు. ఆ గీత చూపిన దిక్కుకే విమానాలు తిప్పాడు. అరగంట తిరిగేసరికి అకాగి, కాగా, సోర్యు అనే మూడు విమానవాహక నౌకలు తగలబడుతున్నాయి.

ఆ ఒంటరి ఓడ పేరు అరాషి. అంటే తుఫాను. 1941 జనవరిలో మైజురు రేవులో పూర్తయిన డిస్ట్రాయర్, సుమారు 240 మంది సిబ్బంది. ఆ ఉదయం నాటిలస్ అనే అమెరికన్ సబ్‌మెరైన్ జపాన్ దళం మధ్యలోకి చొరబడితే, దాన్ని నీళ్ళలోంచి తలెత్తనీయకుండా చూసే పని అరాషికి అప్పగించి మిగతా ఓడలు ముందుకు వెళ్ళిపోయాయి. అరాషి డెప్త్ చార్జీలు వేసింది, పని ముగించుకుని దళాన్ని అందుకోడానికి పరిగెత్తింది. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. శత్రువుకి దారి చూపించిందీ అదే.

మిడ్‌వే యుద్ధం మీద వచ్చిన జనరంజకమైన కథనాల్లో అరాషి ఇక్కడ ఒక్కసారి మెరిసి మాయమైపోతుంది. ఒక నురగ చార, ఒక చూపు, మారిపోయిన యుద్ధం. ఇలాంటి కథలంటే మనకి ఇష్టం కూడా. చరిత్ర అంతా ఒక్క క్షణం మీద ఆధారపడిందంటే సినిమా చూసినట్టుంటుంది. కానీ సోర్యుని కొట్టింది మెక్లస్కీ విమానాలు కావు. యార్క్‌టౌన్ నుంచి బయల్దేరిన మరో దళం అరాషితో సంబంధం లేకుండా నేరుగా వచ్చి దాన్ని ముంచింది. ఇంధనం చాలకపోవచ్చని తెలిసీ వెనక్కి మళ్ళకపోవడం మెక్లస్కీ నిర్ణయం. దాడులు మీద పడుతున్నా నాటిలస్ అక్కడే అంటిపెట్టుకుని ఉండటం ఇంకొకరి మొండితనం. అదృష్టం అనే మాట కింద వీళ్ళ పని కనబడకుండా పోతుంది.

ఆ మాట కింద కనబడకుండా పోయేవి ఇంకా ఉన్నాయి. 1942 మార్చిలో జావా దక్షిణాన నొవాకితో కలిసి అరాషి ఆష్‌విల్ అనే పాత అమెరికన్ గన్‌బోటుని ముంచింది. నీళ్ళలో ఉన్నవాళ్ళలో ఒకే ఒక్క నావికుణ్ణి పైకి తీశారు. అతను కూడా తర్వాత యుద్ధఖైదీల శిబిరంలో చనిపోయాడు.

మిడ్‌వే రోజున అరాషి మరో మనిషిని నీళ్ళలోంచి తీసింది. యార్క్‌టౌన్ టార్పెడో విమాన పైలట్ వెస్లీ ఆస్మస్. అతన్ని ప్రశ్నించి, అమెరికా పక్షాన ఎన్ని విమానవాహక నౌకలున్నాయో, వాటి పేర్లేమిటో రాబట్టారు. అరాషి మీదే ఉన్న డివిజన్ కమాండర్ అరిగా కోసాకు ఆ సంగతి పైవాళ్ళకి పంపాడు. జపాన్ అధికారిక నివేదికలో ఆ ఖైదీ జూన్ 6న మరణించాడనీ, సముద్రంలో ఖననం చేశామనీ ఉంది. యుద్ధం తర్వాత విచారిస్తే, గొడ్డలితో నరికి చంపారని తేలింది. అప్పటికి కెప్టెన్ వతనాబె గానీ అరిగా గానీ బతికి లేరు. బోనెక్కడానికి ఎవరూ మిగల్లేదు.

జూన్ 5 తెల్లవారకముందే అరాషి, హగికాజే, మైకాజే, నొవాకి కలిసి, మంటలారని అకాగిని తమ టార్పెడోలతోనే ముంచేశాయి. సొంత ఓడని సాగనంపడం కూడా డిస్ట్రాయర్ల పనే.

ఆ తర్వాత అరాషిది కూలి బతుకు. సోలొమన్ దీవుల్లో రాత్రిళ్ళు సైనికుల్నీ బియ్యాన్నీ మోయడం, తెల్లారేలోపు తప్పుకోవడం. 1943 ఆగస్టు మొదట్లో అలాంటి ఒక ప్రయాణంలోనే, దాని పక్క ఓడ అమగిరి ఒక అమెరికన్ టార్పెడో పడవని గుద్ది రెండు ముక్కలు చేసింది. ఆ పడవ కమాండర్ జాన్ కెన్నెడీ. నాలుగైదు రోజులకే మళ్ళీ అదే దారి. మళ్ళీ అదే దారేమిటని షిగురే మీదున్న కమాండర్ హరా తమెయిచి అభ్యంతరం చెప్పాడట. ఎవరూ వినలేదు.

ఆగస్టు 6 రాత్రి వెల్లా గల్ఫ్‌లో హగికాజే, అరాషి, కవాకాజే, షిగురే సుమారు 900 మంది సైనికులతో కొలంబంగారా వైపు వెళ్తున్నాయి. ఆ దీవి కొండల చీకటి వెనక ఫ్రెడరిక్ మూస్‌బ్రుగ్గర్ ఆరు డిస్ట్రాయర్లతో కాచుకుని ఉన్నాడు. వాళ్ళకి రాడార్ ఉంది, వీళ్ళకి లేదు. రాత్రి పోరులో టార్పెడో అంటే అప్పటిదాకా జపాన్‌దే పైచేయి. ఆ రాత్రి అమెరికన్లు ఫిరంగి పేల్చి తమ ఉనికి బయటపెట్టుకోకుండా ముందు 24 టార్పెడోలు వదిలారు. నిమిషాల్లో మూడు ఓడలకి తగిలాయి. షిగురే ఒక్కటే, చుక్కానికి తగిలిన టార్పెడో పేలకపోవడం వల్ల బతికిపోయింది. మొత్తం సుమారు 1,200 మంది చనిపోయారు. నీళ్ళలో ఉన్నవాళ్ళని అమెరికన్లు ఎక్కించుకోబోతే చాలామంది ఒప్పుకోలేదు. ఈదగలిగిన మూడొందల మంది దాకా వెల్లా లవెల్లా ఒడ్డు చేరారు.

ఓడిన పక్షం ఓడ కదా అని జాలి చూపించడం తేలిక. అరాషి దానికి లొంగదు. ఆస్మస్ దాని డెక్ మీదే చనిపోయాడు. ఖైదీని చంపినవాళ్ళు మాత్రమే అనుకుని వదిలేద్దామంటే, వెల్లా గల్ఫ్‌లో మునిగిన సైనికులు అందులో ప్రయాణికులు మాత్రమే, ఆస్మస్ పేరు కూడా విని ఉండరు. ఈ రెండిట్లో ఏదో ఒకటి తీసేస్తేనే ఓడ శుభ్రంగా ఒక బాణం గుర్తులా మిగులుతుంది. అమెరికా తర్వాత ఒక యుద్ధనౌకకి ఆస్మస్ పేరు పెట్టింది. అరాషితో మునిగినవాళ్ళకి మాత్రం మిడ్‌వే పుస్తకాల్లో ఆ నురగ చారే మిగిలింది.