రిఫరీ తీర్పు: ఫుట్‌బాల్ నియమాల చరిత్ర, హైదరాబాదు సందర్భం

ప్రవేశిక

తెలుగు నేలపై ఫుట్‌బాల్ చరిత్ర ప్రధానంగా హైదరాబాదుతో ముడిపడి ఉంది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొంది. హైదరాబాదీ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం నేతృత్వంలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాన్ని పొందింది. ఈ చరిత్రలో ఆటగాళ్లకు, శిక్షకులకు దక్కిన స్థానం రిఫరీలకు దక్కలేదు. రిఫరీ చేసేది నియమాన్ని యథాతథంగా అమలు చేయడమేనన్న భావన ఇందుకు ఒక కారణం. ఈ భావన ఎంతవరకు సమంజసమో నియమాల పరిణామాన్ని, హైదరాబాదుకు చెందిన అంతర్జాతీయ రిఫరీ సయ్యద్ షాహిద్ హకీం కృషిని ఆధారం చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రిఫరీ స్థాన పరిణామం

1863లో ఇంగ్లండులో ఫుట్‌బాల్ అసోసియేషన్ రూపొందించిన తొలి నియమావళిలో రిఫరీ ప్రస్తావన లేదు. ఆటలో తలెత్తే తగవులను మర్యాదస్తులైన ఆటగాళ్లే తీర్చుకొంటారన్నది నాటి విశ్వాసం. పల్లెల్లో చెడుగుడు ఆడేవారు వాదించుకొని ఒక మాటకు రావడం ఇటువంటిదే. పోటీలు పెరిగి, గెలుపుకు విలువ హెచ్చాక ఈ పద్ధతి నిలవలేదు. ప్రతి జట్టూ తన పక్షాన ఒక అంపైరును నియమించుకొనేది. వారిద్దరికీ ఏకాభిప్రాయం కుదరనప్పుడు మైదానం వెలుపలనున్న మూడో వ్యక్తికి విషయాన్ని నివేదించేవారు. రిఫరీ అన్న పేరు ఈ నివేదన నుంచే వచ్చింది. 1891లో రిఫరీ మైదానంలోకి ప్రవేశించాడు; అంపైర్లు గీత పక్కకు జరిగి లైన్స్‌మెన్ అయ్యారు. పెనాల్టీ కిక్ కూడా ఆ ఏడాదే నియమావళిలో చేరింది. ఆటగాడు బుద్ధిపూర్వకంగా తప్పు చేయవచ్చునని నియమావళి అంగీకరించడం, తీర్పు అధికారాన్ని తటస్థుడికి అప్పగించడం ఒకే కాలంలో జరిగాయి.

ఉద్దేశం నుంచి చర్యకు

1990ల నడిమి వరకు ఫౌల్ నిర్ణయానికి ఉద్దేశమే ప్రమాణం. ప్రత్యర్థిని బుద్ధిపూర్వకంగా తన్నడం, పడదోయడం నేరాలు. ఆటగాడి మనసులోని ఉద్దేశాన్ని అతని కదలికను బట్టి రిఫరీ క్షణంలో ఊహించవలసి వచ్చేది. 1995లో ఈ ప్రమాణం మారింది. అజాగ్రత్త, నిర్లక్ష్యం, మితిమీరిన బలం అనే మూడు స్థాయిలు వచ్చాయి. నేటి నియమం ప్రకారం మొదటిదానికి ఫ్రీ కిక్ సరిపోతుంది. రెండోదానికి పసుపు కార్డు, మూడోదానికి ఎర్ర కార్డు చూపాలి. అయితే అజాగ్రత్త ఎక్కడ ముగిసి నిర్లక్ష్యం ఎక్కడ మొదలవుతుందో ఏ కొలబద్దా చెప్పదు. అడ్వాంటేజ్ నియమంలోనూ ఇదే స్థితి. ఫౌల్ జరిగినా, ఆటను సాగనివ్వడం వల్ల బాధిత జట్టుకే మేలు జరుగుతుందని తోస్తే రిఫరీ ఈల ఊదడు. అంటే జరిగినదానితోపాటు జరగబోయేదానిని కూడా అతడు అంచనా వేయాలి.

హకీం ఉదాహరణ

1939లో జన్మించిన హకీం, రహీం కుమారుడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో సభ్యుడు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పి.కె. బెనర్జీకి సహాయ శిక్షకుడిగా పనిచేశారు. ఫిఫా రిఫరీగా 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో బాధ్యతలు నిర్వహించారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకొన్నారు.

ఆయన ఖతార్‌కు వెళ్లిన నాటికి ఉద్దేశ ప్రమాణమే అమలులో ఉంది. వీడియో సహాయం లేదు. రిఫరీ, ఇద్దరు లైన్స్‌మెన్ చూసిందే సాక్ష్యం. అటువంటి స్థితిలో ఆటగాడిగా, శిక్షకుడిగా గడించిన అనుభవం బంతి కోసం చాచిన కాలునూ, మనిషి కోసం చాచిన కాలునూ వేరుచేసి చూడడానికి తోడ్పడుతుంది. అయితే ఈ అనుభవానికి పరిమితి ఉంది. అది కొన్నిసార్లు చూడనిదాన్ని కూడా ఊహించుకొనేలా చేస్తుంది. అందువల్ల సరైన చోట నిలబడి, అడ్డులేని కోణం నుంచి చూడడం అనుభవమంత ముఖ్యం.

ముగింపు

2018లో వీడియో సహాయక రిఫరీ వ్యవస్థ నియమావళిలో చేరింది. అప్పట్లో గోలు, పెనాల్టీ, నేరుగా ఎర్ర కార్డు, ఒకరికి బదులు మరొకరిని శిక్షించడం అనే నాలుగు సందర్భాలకే దాన్ని పరిమితం చేశారు. స్పర్శ ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి నెమ్మది దృశ్యాన్ని, చర్య తీవ్రతను అంచనా వేయడానికి సాధారణ వేగపు దృశ్యాన్ని చూడాలని దాని విధివిధానాలు నిర్దేశిస్తున్నాయి. తుది నిర్ణయం రిఫరీదే. యంత్రం సాక్ష్యాన్ని పెంచింది. వివేచన అవసరాన్ని తొలగించలేదు. కనుక రిఫరీ శిక్షణ నియమాలను కంఠస్థం చేయించడంతో ముగియరాదు. హకీం 2021 ఆగస్టులో మరణించారు. కెమెరా లేని కాలంలో ఈల పట్టిన ఆ తరం రిఫరీల మౌఖిక చరిత్రను, వారి మ్యాచ్ నివేదికలను సేకరించడం తెలుగు క్రీడా చరిత్ర పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని.