అగస్టీను 'ఒప్పుకోలు' గ్రంథంలో పేరున్నవారు, పేరు లేనివారు

హిప్పో బిషప్ అగస్టీను (క్రీ.శ. 354–430) సుమారు క్రీ.శ. 397లో 'ఒప్పుకోలు' గ్రంథాన్ని వ్రాయ మొదలుపెట్టి కొద్ది సంవత్సరాలలో ముగించాడు. 13 భాగాలుగల ఆ గ్రంథాన్ని ఒక ఆత్మ దేవునితో జరిపిన సంభాషణగా మనం చదువుతాం. అయితే అందులో నిజమైన మనుషులు ఎందరో ఉన్నారు. వారందరిని రచయిత ఒకే దృష్టితో చూడలేదు. ఆ భేదాన్ని ఈ వ్యాసంలో పరిశీలింపదలచాము.

మొదట తల్లిదండ్రులు. తల్లి మోనికా ప్రార్థనలను, కన్నీటిని అగస్టీను ఎంతో గౌరవంతో వర్ణించాడు. అయినా ఆమె చిన్నతనంలో చాటుగా ద్రాక్షారసం త్రాగిన సంగతి దాచలేదు. తండ్రి పత్రికియస్ కోపిష్ఠి అనీ, భార్యకు నమ్మకంగా ఉండలేదనీ వ్రాశాడు. శక్తికి మించి తన చదువుకు ఖర్చు పెట్టాడని ఒప్పుకొన్నాడు గాని, అతని మరణాన్ని మాటల మధ్య ఒక ముక్కలో దాటవేశాడు. క్రీ.శ. 387లో ఓస్తియాలో జరిగిన తల్లి మరణానికైతే ఎంతో చోటిచ్చాడు. అయినను 9వ భాగం చివర ఇద్దరి పేర్లు ప్రక్కప్రక్కన చేర్చి, బలిపీఠం యొద్ద వారిని జ్ఞాపకం చేసికొనుమని చదువరులను వేడుకొన్నాడు. మోనికా పేరు గ్రంథమంతటిలో కనిపించేది అక్కడొక్కచోటే.

మిత్రుడు అలిపియుస్ ఖడ్గయోధుల పోరాటాల పిచ్చిలో పడిన సంగతి 6వ భాగంలో ఉంది. అప్పటికి అతడు తగస్తె బిషప్, సజీవుడు. నోలా నివాసి పౌలినుస్ అతని జీవిత వృత్తాంతం కోరినప్పుడు, వినయంచేత అతడు వెనుకాడగా, వ్రాసే భారాన్ని అగస్టీను తనపై వేసికొన్నట్లు అతని ఉత్తరం వలన తెలుస్తుంది. కనుక అది మిత్రునికి తెలియకుండా బయటపెట్టిన రహస్యమని మేము తలంచము.

మానికేయ బోధకుడు ఫౌస్తుస్ కొరకు అగస్టీను దాదాపు 9 ఏండ్లు ఎదురుచూచి నిరాశపడ్డాడు. అయినా తనకు తెలియని దానిని తెలియదని ఒప్పుకొన్న అతని నిజాయితీని మెచ్చుకొన్నాడు. ఇంచుమించు అదే కాలంలో అతని బోధను ఖండిస్తూ 33 భాగాల గ్రంథం వ్రాశాడు. బోధను ఎదిరిస్తూనే మనిషిలోని మంచిని గుర్తించవచ్చునని దీనివలన గ్రహించగలం.

ఇక పేరు లేని స్త్రీ. పదేండ్లకు పైగా అగస్టీనుతో కాపురం చేసి, అదెయొదాతుస్‌ను కన్నది. కుమారుని పేరు గ్రంథంలో ఉంది, తల్లి పేరు లేదు. మరొక వివాహం కుదిరినందున ఆమెను ఆఫ్రికాకు పంపివేశారు. ఇక ఏ పురుషుని ఎరుగనని ఆమె దేవునికి మ్రొక్కుకొని వెళ్ళింది. తానైతే ఆ నిగ్రహాన్ని అనుసరించలేక వేరొక స్త్రీని చేర్చుకొన్నానని అగస్టీను సిగ్గుతో ఒప్పుకొన్నాడు.

పేరు చెప్పకపోవడం తిరస్కారమా? 4వ భాగంలో తాను ఎంతగానో ఏడ్చిన మిత్రునికీ పేరు పెట్టలేదు. కాబట్టి ఆ మౌనం ఆమె గౌరవాన్ని కాపాడుటకే కావచ్చు. అయితే ఎడబాటులో గాయపడిన తన హృదయాన్ని వర్ణించినవాడు, ఆమె గాయాన్ని గూర్చి ఏమియు వ్రాయలేదు. క్రీ.శ. 426–427లో తన రచనలను పునఃపరిశీలించినప్పుడు, ఆ మిత్రుని మరణాన్ని గూర్చిన మాటలలో లోపమెంచాడు గాని, ఈ స్త్రీ ప్రసక్తి తేలేదు. పేరును దాచడం దయ కావచ్చు. బాధను దాచడం దయ కాదని మా అభిప్రాయం.

ప్రతి ఆదివారం ఎవరి కథనో ప్రసంగంలో చెప్పే మనకు ఇది దూరపు సంగతి కాదు. మేమును ఒకప్పుడు సంఘంలోని ఒక సహోదరి కష్టాన్ని పేరు చెప్పకుండా దృష్టాంతంగా వాడాము. పేరు చెప్పకపోయినా వినినవారందరికీ ఆమె ఎవరో తెలిసిపోయింది. ఆమెను ముందుగా అడగలేదు. ఆ తరువాత చాలా వారాలు ఆమె మందిరానికి రాలేదు. మన పాపాన్ని ఒప్పుకొనుటకు మనకు అధికారమున్నది. ఆ ఒప్పుకోలులోనికి మరొకరి జీవితాన్ని తెచ్చునప్పుడు మాత్రం, వారు మన యెదుట కూర్చొని వింటున్నట్లు ఎంచి మాటలాడవలెను.