జడలో అతుకు

తెలుగులో పెట్టుడు జుట్టుకి రెండు మాటలున్నాయి: సవరం, విగ్గు. రెండూ ఒకటి కాదు. విగ్గు తలను కప్పుతుంది. సవరం ఉన్న జుట్టులో కలిసిపోతుంది. విగ్గు కొంచెం పక్కకి జరిగితే జనం నవ్వుతారు. సవరం బాగా కుదిరితే అసలు అది ఉందనే తెలీదు.

విగ్గు ఇంగ్లీషు నుంచి వచ్చింది. అక్కడా అది పూర్తి మాట కాదు. ఫ్రెంచివాళ్ళ 'పెరూక్' ఇంగ్లీషులో 'పెరివిగ్' అయింది, తర్వాత ముందు సగం ఊడిపోయి 'విగ్' మిగిలింది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు రాజు 13వ లూయీ జుట్టు పల్చబడి విగ్గు పెట్టుకుంటే దర్బారు దర్బారంతా పెట్టుకుంది. ఆ మోజు సముద్రం దాటి ఇంగ్లండుకి వెళ్ళి, జడ్జీల నెత్తిన స్థిరపడింది. మన లాయర్లకి నల్లకోటూ గౌనూ మిగిలాయి గాని విగ్గు మిగల్లేదు. ఇంగ్లీషువాడు గొప్పవాణ్ణి 'బిగ్‌విగ్' అంటాడు. మనం 'పెద్ద తలకాయ' అంటాం. తలకాయైనా వాడి సొంతమేనన్న నమ్మకం కాబోలు.

సవరానిది ఇంకా పాత కథ. నిఘంటువులు దీన్ని సంస్కృతంలోని 'చమర' శబ్దానికి ముడిపెడతాయి. చమరీమృగం తోక వెంట్రుకలతో కట్టిందే చామరం. దేవుడికీ రాజుకీ వీచేది. అదే మాట మెల్లగా దిగొచ్చి పల్లెటూరి ఆడవాళ్ళ కొప్పులో దూరింది. కన్నడంలో చౌరి, తమిళంలో సవురి కూడా ఈ కుటుంబంలోవే.

వినుకొండ దగ్గర మా అమ్మమ్మ వాళ్ళింట్లో దువ్వెనకి వచ్చిన చిక్కువెంట్రుకల్ని ఉండచుట్టి చూరులో దోపేవాళ్ళు. వెంట్రుకలు కొనేవాళ్ళు వీధిలోకి రాగానే ఆ ఉండలన్నీ బయటికొచ్చేవి. పిన్నీసులో, చిన్న స్టీలు గిన్నెో చేతికొచ్చేది. ఆ వెంట్రుకలు ఎక్కడికి పోతాయో, ఎవరి జడలో తేలతాయో ఎవరూ అడిగేవారు కాదు. సవరం కొనుక్కునేవాళ్ళు కూడా ఇది ఎవరిదని అడగరు. అడిగితే పెట్టుకోలేరు.

రంగస్థలం మాత్రం ఈ అరువు జుట్టుని దాచలేదు. భామాకలాపంలో సత్యభామ వేషం శతాబ్దాల పాటు మగవాళ్ళే కట్టారు. సత్యభామ ప్రవేశంలో తెరమీదుగా ఇవతలికి పడే ఆ పొడుగాటి జడ ఒక సవాలు. నన్ను మించి ఆడగలిగినవాడుంటే వచ్చి జడ కొయ్యొచ్చని. అంటే పెట్టుడు జడ మీద నటుడు తన అసలు పరువు పందెం కాశాడన్నమాట. మా గుంటూరు సీమలోనే బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు ఆడవేషాలతో పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నాడు.

ఇచ్చినవాళ్ళ సంగతి ప్రపంచం ఒక్కసారి గట్టిగా అడిగింది, 2004లో. తిరుమల కల్యాణకట్టలో భక్తులిచ్చే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. పొడుగైనవి విదేశాల్లో విగ్గులవుతాయి. పెళ్ళయ్యాక జుట్టు కనపడకుండా విగ్గు పెట్టుకునే సనాతన యూదు స్త్రీలకి ఈ సంగతి పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. వేరే దేవుడి మొక్కులోంచి వచ్చిన జుట్టు తమకి నిషిద్ధమని జెరూసలేంలో రబ్బీ ఎల్యాషివ్ తీర్పు చెప్పాడు. న్యూయార్కు బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు తగలబెట్టారు. తల వంచి అహంకారం వదులుకున్న ఏ పల్నాటి రైతుకూలీ ఆడమనిషికీ ఆ మంట కబురు అంది ఉండదు.

ఇదంతా చదివినప్పుడల్లా నాకు మా ఊరివాడు గుర్రం జాషువా గుర్తొస్తాడు. 1895లో వినుకొండలో పుట్టాడు. కుర్రతనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకి తెరపక్కన నిలబడి కథా మాటలూ చెప్పేవాడు. తెరమీద మొహాలు ఎవరివో, గొంతు ఈయనది. వినుకొండలోనే ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని అవమానించారు.

అదే జాషువా రాసిన శ్మశాన పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్ర నాటకంలోకి వచ్చి చేరాయి. నటులు కాటిసీనులో వాటిని అందుకున్నారు, జనం వన్స్‌మోర్ కొట్టారు. కిరీటం పోయి, విగ్గు జుట్టు విరబోసుకున్న హరిశ్చంద్రుడు రాగం తీస్తుంటే ఆ పద్యాలు బలిజేపల్లివారివే అనుకున్న వాళ్ళు ఎందరో. కుర్చీల్లో కూర్చుని కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో, ఆ పద్యాలు రాసినవాణ్ణి తమ అరుగు ఎక్కనివ్వనివాళ్ళు లేకపోలేదు.

ఇంతకన్నా బాగా కుదిరిన సవరం తెలుగు సాహిత్యంలో లేదు. ఒకరి నాటకం అనే జడలో ఇంకొకరి పద్యాలు, అతుకు కనపడకుండా. దీనిలో మోసం ఎవరూ చెయ్యలేదు. నటుడికి మంచి పద్యం కావాలి, తీసుకున్నాడు. నాటకం దానివల్ల నిండుగా కనిపించింది. కానీ సవరం పని అందంగా ఉండటమే కాదు, ఇచ్చినవాళ్ళని మరిచిపోయేట్టు చెయ్యడం కూడా. చావులో అందరూ సమానమని చెప్పే పద్యానికి రాసినవాడి పేరు పోవడం మాత్రం సమానత్వం కాదు.

అందుకే, ఇప్పుడు పరిషత్తుల్లో ఎవరైనా కాటిసీను పాడేముందు మైకులో ఒక్క మాట చెబితే చాలు: ఇవి వినుకొండ జాషువా పద్యాలని. రాగం ఏమీ తగ్గదు. జడ పొడుగూ తగ్గదు.