రామంతాపూర్ పంతుళ్లు

రామంతాపూర్‌లోని మన డిటెక్టివ్ శిక్షణ సంస్థకు అరవై ఏళ్లు నిండిన సందర్భంగా సంచికకు ఏదైనా రాయమని కమిటీవారు అడిగారు. భవనాల గురించీ ప్రారంభోత్సవాల గురించీ రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఇక్కడ ఆర్థిక నేరాల పాఠం చెప్పినవాళ్లు ఏ కొలువు నుంచి వచ్చారో, తిరిగి ఎక్కడికి పోయారో రాస్తానన్నాను. సరేనన్నారు.

మన దేశంలో మొదటి కేంద్ర డిటెక్టివ్ శిక్షణ పాఠశాల 1958లో కలకత్తాలో వెలిసింది. రెండోది 1964లో మన హైదరాబాదుకు దక్కింది. చండీగఢ్‌ది 1973 నాటిది. 1970లో పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక ఈ బడులు దాని గొడుగు కిందికి వచ్చాయి. ఈమధ్య పేరులో స్కూలు పోయి ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. పాతవాళ్లకు మాత్రం ఇప్పటికీ ఇది స్కూలే. హత్య కేసు మొదలుకొని అన్నీ నేర్పే చోటు కనుక డబ్బు మోసాలు ఇందులో ఒక భాగం మాత్రమే. ఆ భాగమే తర్వాత్తర్వాత ఊడలమర్రిలా పెరిగింది. ఎనభైల దశకం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బ్యాచ్‌లు వచ్చాయి, గ్రూపు ఫొటోలు దిగాయి, వెళ్లాయి.

ఇక్కడ పాఠం చెప్పినవాళ్లలో ఎక్కువమంది అరువు మీద వచ్చినవాళ్లే. రాష్ట్రాల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చిన ఇన్‌స్పెక్టర్లు, డీఎస్పీలు, కోర్టు నుంచి ప్రాసిక్యూటర్లు, బ్యాంకుల నుంచి తనిఖీ అధికారులు, పక్కనే ఉన్న ప్రయోగశాలల నుంచి నిపుణులు. రామంతాపూర్‌లో మనకు కలిసొచ్చింది ఆ ఇరుగుపొరుగే. కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, వివాదాస్పద పత్రాల పరీక్షాధికారి కార్యాలయం కూతవేటు దూరంలో ఉన్నాయి. వేరే ఊళ్లో అయితే పుస్తకంలో చదివి ఊరుకోవలసినదాన్ని ఇక్కడ కళ్లారా చూసి నేర్చుకోవచ్చు.

పత్రాల పరీక్ష చెప్పిన పెద్దాయన పేరు రాయను. రాస్తే ఆయన ఒప్పుకోరు. నేను సబ్‌ఇన్‌స్పెక్టరుగా శిక్షణకు వచ్చినప్పుడు రెండు చెక్కులు బల్ల మీద పెట్టి, దొంగ సంతకం ఏదో చెప్పమన్నారు. వణికిన సంతకాన్నే అందరం చూపించాం. అది ఒక ముసలాయన స్వయంగా పెట్టిన అసలు సంతకం! రెండోది ముత్యాల్లా ఉంది. భూతద్దం చేతికిచ్చి చూడమన్నారు. గీత మొదలూ చివరా మొద్దుగా ఉన్నాయి, ఒత్తిడి ఎక్కడా మారలేదు, కలం ఎత్తకూడని చోట ఎత్తి మళ్లీ ఆనించిన గుర్తులున్నాయి. రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చుగుద్దినట్టు కలిసిపోయాయంటే ఒకటి దిద్దిందేనని ఆయన మొదటి పాఠం. ఏ మనిషీ రెండుసార్లు సరిగ్గా ఒకేలా సంతకం పెట్టడు. తర్వాత సీఐడీలో పనిచేసినన్నాళ్లూ ఆ ఒక్క మాట నాకు ఎన్ని కేసుల్లో అక్కరకొచ్చిందో!

బ్యాంకు నుంచి వచ్చినాయన తీరు వేరు. ఖాకీ అంటే కొంచెం బెదురు, లెక్క అంటే మాత్రం సింహం. చిట్టా, ఆవర్జా తేడా తెలియని మాలాంటివాళ్లకు సస్పెన్స్ ఖాతా అంటే ఏమిటో, శాఖకూ శాఖకూ మధ్య నడిచే ఖాతాలో డబ్బు ఎలా దాక్కుంటుందో ఓపిగ్గా చెప్పారు. పెద్ద అంకెల వెంట పడొద్దనేవారు. మార్చి 31న వచ్చి ఏప్రిల్ మొదటి వారంలో వెనక్కి పోయిన పద్దులు చూడమనేవారు. బ్యాంకు లెడ్జరును జీపులో వేసుకు రానక్కర్లేదని, 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం కింద ధ్రువీకరించిన నకలు చాలునని కూడా ఆయన చెబితేనే తెలిసింది. 2001లో కృషి బ్యాంకు, మరుసటి ఏడు చార్మినార్ బ్యాంకు కూలి డిపాజిటర్లు రోడ్డున పడ్డప్పుడు ఆ చదువు విలువ అందరికీ అర్థమైంది.

గడ్డుకాలం 2009లో వచ్చింది. జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన ఉత్తరం బయటపడేనాటికి నేను ఇక్కడే డిప్యుటేషన్ మీద పాఠాలు చెబుతున్నాను. కంపెనీ లెక్కల్లో ఉన్న నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఆ ఉత్తరం ఒప్పుకుంది. నకిలీ ఇన్వాయిస్‌లు వేలల్లో బయటపడ్డాయి, అవన్నీ కంప్యూటర్‌లో పుట్టినవే. క్లాసులో కుర్రాళ్లు అడిగే ప్రశ్నలకు మా దగ్గర జవాబుల్లేవు. కాగితం వాసన పట్టగలవాళ్లం గానీ సర్వర్ లాగు చదవగలవాళ్లం కాదు. చార్టర్డ్ అకౌంటెంట్లను బతిమాలి తెచ్చుకున్నాం. వాళ్ల ఫీజు ముందు సర్కారు పారితోషికం ఏపాటి? స్నేహానికి కట్టుబడి వచ్చినవాళ్లే ఎక్కువ. పొద్దున పాఠం చెప్పి సాయంత్రం కుర్చీ లాక్కుని వాళ్ల పక్కన మేం విద్యార్థులమయ్యాం.

అయితే ఆ కేసు పాత పంతుళ్లను ఓడించలేదు. అందులో నకిలీ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులున్నాయి, నకిలీ బ్యాంకు స్టేట్‌మెంట్లున్నాయి. కాగితంలో ఏముందో చూసేముందు అది ఎవరి చేతి మీదుగా వచ్చిందో అడగమని బ్యాంకాయన మొత్తుకునేది ఇందుకే. 2015 ఏప్రిల్ 9న పదిమందికి శిక్ష పడినప్పుడు ఆయనకే ముందు ఫోన్ చేశాను.

కరోనా రోజుల్లో క్లాసులు తెర మీదికి వెళ్లాయి. ఇప్పటి పంతుళ్లలో సైబర్ చదివినవాళ్లున్నారు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ వచ్చిన గంటలోపే ఖాతా ఎలా స్తంభింపజేయాలో చెబుతున్నారు. సంతోషం.

బోధించినవాళ్లే కాదు, మెస్‌లో వండినవాళ్లు, హాస్టల్ చూసినవాళ్లు, స్టెన్సిల్ కాగితాల మీద నోట్సు తీసిన గుమాస్తాలు, గ్రంథాలయం కాపాడినవాళ్లు, సొంత పుస్తకాలు ఇచ్చిన రిటైర్డ్ ప్రాసిక్యూటర్లు, డ్రైవర్లు, తోట పనివాళ్లు అందరికీ నమస్కారాలు. పేర్లన్నీ కమిటీవారు వేరే పేజీల్లో ఇస్తున్నారు.

సంతోష సమయంలో ఒక మాట మింగలేకపోతున్నాను. శిక్షణలో పోస్టింగు అంటే మన శాఖలో లూప్‌లైన్. స్టేషన్ దొరకనివాడు, ఎవరికో కోపం తెప్పించినవాడు ఇక్కడికి వస్తాడని నానుడి. నేను తిరిగి వెళ్లాక ఒక కార్యాలయంలో నా పదోన్నతి ఫైలు మీద, ఈ ఏళ్లలో ఛేదించిన కేసులు లేవని రాశారు. నా దగ్గర చదివినవాళ్లు ఛేదించిన కేసులు ఏ గడిలో రాయాలో ఆ ఫారంలో లేదు. మంచి పంతుళ్లు కావాలంటే ప్రోత్సాహకాలు ఇవ్వాలని పోలీసు శిక్షణపై వేసిన గోరే కమిటీ 1970ల మొదట్లోనే చెప్పింది. ఈనాటికీ చురుకైన ఇన్‌స్పెక్టరును ఇటు పంపుతామంటే ఇంటిల్లిపాదీ దిగులు పడుతున్నారు.

ఆ మార్పు పైవాళ్ల చేతిలో ఉంది. మన చేతిలో ఉన్నది ఒకటుంది. తొలితరం పంతుళ్లు చేత్తో రాసుకున్న నోట్సు, స్టెన్సిల్ ప్రతులు, వాడిన నమూనా పత్రాలు ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. సంస్థ గ్రంథాలయానికి పంపండి. తపాలా ఖర్చు నేను భరిస్తాను.