రక్తము నడచు దారి: ఇబ్న్ అల్-నఫీస్

హృదయపు కుడి జఠరికనుండి రక్తము ఊపిరితిత్తులకు పోయి, అచట ప్రాణవాయువును గ్రహించి, ఎడమ భాగమునకు తిరిగి వచ్చునని నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి ఎవరైనను చెప్పగలడు. ఈ చిన్న సంగతి తెలియుటకు వైద్యులకు వేయి సంవత్సరములు పట్టినది. కారణమేమి? మార్గమునకు అడ్డముగా ఒక గొప్పవాని మాట నిలిచియుండుటయే.

క్రీ. శ. 2వ శతాబ్దమునకు చెందిన గ్రీకు వైద్యుడు గేలెన్, రక్తము కాలేయములో పుట్టునని బోధించెను. అందు కొంత కుడి జఠరికను చేరి, రెండు జఠరికల నడిమి గోడలోగల కంటికి కానరాని రంధ్రముల ద్వారా ఎడమ జఠరికలోనికి ఊరుననియు, అచట గాలితో కలిసి జీవశక్తిగా మారుననియు ఆయన మతము. ఆ రంధ్రములను చూచినవారు లేరు. అయినను గేలెన్ మాట వేదవాక్యమయ్యెను. 11వ శతాబ్దమున ఇబ్న్ సీనా అరబ్బీ భాషలో రచించిన ‘కానూన్’ అను మహాగ్రంథము కూడ, జఠరికల నడుమ రక్తమునకు దారి కలదనియే చెప్పెను.

13వ శతాబ్దారంభమున దమాస్కసు ప్రాంతమున జన్మించిన ఇబ్న్ అల్-నఫీస్, ఆ నగరములోని నూరీ ఆసుపత్రిలో వైద్యము నేర్చి, పిమ్మట కైరో చేరెను. ఆయన ‘కానూన్’లోని శరీర నిర్మాణ భాగమునకు 1242 నాటికే వ్యాఖ్యానము వ్రాసెను. మూలమును సమర్థించుట వ్యాఖ్యాతకు పరిపాటి. ఇతడు మాత్రము ఈ విషయమున మూలకర్తను, గేలెన్‌ను కూడ కాదనెను.

ఆయన వాదము సులభమైనది. నడిమి గోడ దళసరిది, గట్టిది. అందు కనబడు రంధ్రములు లేవు, కనబడనివియు లేవు. అయినను రక్తము ఎడమవైపు చేరవలెను. కనుక అది కుడి జఠరికనుండి రక్తనాళము ద్వారా ఊపిరితిత్తులకు పోయి, అచట వ్యాపించి, గాలితో కలిసి, మరియొక నాళము ద్వారా ఎడమవైపునకు రావలెను. ఈ రెండు నాళముల నడుమ సన్నని దారులు కలవని కూడ ఆయన వ్రాసెను. హృదయము తన కండరములో వ్యాపించిన నాళముల వలననే పోషింపబడునని మరియొకచోట చెప్పెను.

అయితే దేహమంతట రక్తము తిరిగి తిరిగి వచ్చునని ఆయన ఎరుగడు. మతధర్మమును, తన హృదయములోని దయయును అడ్డువచ్చుటచే తాను శరీరములను కోసి పరీక్షింపలేదని ఆయనయే చెప్పుకొనెను. ఇది ఎంతవరకు నిజమో పండితులు నేటికిని చర్చించుచున్నారు.

1288లో కైరోలో మరణించుచు, తన ఇంటిని, గ్రంథములను మన్సూరీ ఆసుపత్రికి ఇచ్చివేసెను. కాని ఆయన సిద్ధాంతము అంతగా వ్యాపింపలేదు. ఐరోపాలో 1553లో సెర్వెటస్, 1559లో కొలంబో అదే మార్గమును వర్ణించిరి. అరబ్బీ గ్రంథములోని మాట వారికి చేరెనా అనునది తేలని ప్రశ్న. హృదయము అరగంటలో నెట్టు రక్తము దేహములోని రక్తమంతటికంటె అధికమని లెక్కగట్టి, 1628లో హార్వే రక్తప్రసరణమును సంపూర్ణముగా నిరూపించెను. 1661లో మాల్పీఘీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తులలో కేశనాళికలను చూచెను. ఇబ్న్ అల్-నఫీస్ ఊహించిన దారులకు కన్నులార సాక్ష్యము దొరకుటకు 419 సంవత్సరములు పట్టినది.

ఆయన పేరు మరల వెలుగులోనికి వచ్చుటకు మరింత కాలము పట్టెను. బెర్లినులోని వ్రాతప్రతిని చదివిన ఈజిప్టు వైద్యుడు ముహ్యిద్దీన్ అల్-తతావీ, 1924లో తన పరిశోధన వ్యాసమున ఈ సంగతిని లోకమునకు తెలిపెను. గ్రంథములో ఉన్నదనుట మాత్రమున ఏ మాటయు సత్యము కాజాలదని ఇబ్న్ అల్-నఫీస్ చూపెను. గ్రంథములో దాగియున్న సత్యము నలుగురికి అందినగాని శాస్త్రము కాజాలదని ఆయన కథ చూపుచున్నది.