కంపవాతము - కారణాన్వేషణ

ఊరకనున్న చేయి వణకును. నడుము ముందుకు వంగును. నడక తనంతతానే పరుగుగా మారును. ఈ లక్షణములను 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ ఒక చిన్న గ్రంథమున వర్ణించెను. ఆయన పేర్కొన్న రోగులు ఆరుగురే. వారిలో కొందరిని వీధిలో చూచినదే.

రోగమైతే గుర్తింపబడినది కాని, కారణము తెలియలేదు. 1919లో పారిస్ నగరమున ట్రెట్యాకాఫ్, ఈ రోగుల మెదళ్లలో నల్లని ఒక భాగమందలి కణములు నశించియుండుట చూచెను. ఆ కణములు చేయు పని యేమి?

సమాధానమునకు దారి చూపినది మన సర్పగంధి. దాని వేరునుండి తీసిన రిసర్పిన్ రక్తపుపోటుకు మందుగా వాడబడెడిది. స్వీడన్‌లో కార్ల్‌సన్ ఈ మందును కుందేళ్లకీయగా అవి కదలిక లేక పడియుండినవి. 1957లో ఆయన వాటికి డోపా అను పదార్థమును ఎక్కింపగా అవి మరల లేచి తిరిగినవి. డోపా మెదడులో డోపమిన్‌గా మారును. ఆ నల్లని భాగపు కణములు తయారుచేయునది ఈ డోపమిన్‌నే. 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ అనువారు కంపవాత రోగుల మెదళ్లలో ఇది మిక్కిలి తగ్గియుండుట కనుగొనిరి. 1967లో అమెరికాలో కోట్జియాస్ డోపాను క్రమముగా పెంచుచు నోటిద్వారా ఇచ్చి, పలువురి కదలికను మెరుగుపరచెను.

దూలగొండి గింజలలో డోపా కలదని మద్రాసులో దామోదరన్, రామస్వామి 1937లోనే చూపిరి. అనగా మందు మన పొలముగట్లపైననే ఉన్నది. దాని ఉపయోగమే తెలియలేదు.

అయినను డోపా లోటును పూరించునే గాని కణనాశమును ఆపజాలదు. చేయి వణకునాటికే ఆ కణములలో పెద్దభాగము నశించియుండును. అవి ఏల నశించుచున్నవో తేల్చుటయే మిగిలిన పని.